చెక్క పెడుతున్నా పొట్టేళ్లకు కండ ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, సంతలో మూడు నెలల వయసున్న 25 పొట్టేలు పిల్లలను కొన్నాను. అప్పుడు ఒక్కొక్కటి 11, 12 కిలోలు తూగింది. నాలుగు నెలలు మేపిన తరువాత కూడా 18 కిలోలు దాటడం లేదు. మాంసకృత్తులు ఎంత పెడితే అంత కండ అని అందరూ చెబితే, ఒక్కోదానికి రోజూ పావుకిలో వేరుశనగ చెక్క నానబెట్టి పెడుతున్నాను. దాంతోపాటు వరిగడ్డి, సాయంత్రం మిగిలిన అన్నం, గంజి. పొట్టలు మాత్రం పెరిగాయి, తొడలు, నడుము నిండలేదు. కొట్టంలో వాసనకు కళ్లు మండుతున్నాయి. రెండు పొట్టేళ్లు మూత్రం పోసేటప్పుడు ముక్కుతూ తోక ఆడిస్తున్నాయి. కోళ్ల షెడ్డు నడిపే మా మరిది బ్రాయిలర్ దాణా కలిపి పెట్టమంటున్నాడు. ఇంకొకరు బలం సూది వేయిస్తే నెలలో కండ పడుతుందంటున్నారు. మా అబ్బాయి ఫోనులో కొండలా కండలు తిరిగిన విదేశీ ఎద్దులను చూపించి, వాటికి ఏం పెడతారో అడగమన్నాడు. బక్రీదుకు అమ్మాలని ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, కండ సంగతి తరువాత. ముందు మూత్రానికి ముక్కుతున్న ఆ రెండు పొట్టేళ్లను ఇప్పటికీ చూపించకపోతే ఈరోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. తీసుకెళ్లే వీలు లేకపోతే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. మీరు చెప్పిన లక్షణాలు మూత్రనాళంలో రాళ్లు అడ్డుపడినప్పుడు కనిపించేవి. మగ జీవాల మూత్రనాళం పొడవుగా, సన్నగా, మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి ఇసుక రేణువంత రాయి కూడా అక్కడ ఇరుక్కుంటుంది. మూత్రం పూర్తిగా ఆగిపోతే మూత్రాశయం పగిలి చనిపోతాయి. మూత్రం జారీ కావడానికని ఇంట్లోనే ఏ మందూ పట్టకండి. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు అది ప్రమాదాన్ని పెంచుతుంది.

ఈ జబ్బుకు మూలం చాలాసార్లు మేతలోనే ఉంటుంది, అందుకే దీన్ని కండ సంగతితో కలిపి చెబుతున్నాను. చెక్కలోను, తవుడులోను, ధాన్యాల్లోను భాస్వరం ఎక్కువ, సున్నం (కాల్షియం) చాలా తక్కువ. మొత్తం మేతలో భాస్వరానికి రెట్టింపు కాల్షియం ఉండాలి. మీరు పెడుతున్న మేతలో ఆ లెక్క తలకిందులైంది. పైగా వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు, ఉన్న కొద్దిపాటి సున్నాన్ని కూడా ఒంటికి పట్టనీయవు. మిగతా 23 పొట్టేళ్లకు ఈ గతి పట్టకూడదంటే వాటి ముందు రోజంతా మంచినీళ్లు ఉండాలి, దాణాలో ఉప్పు ఉండాలి. ఉప్పు తింటే నీళ్లు ఎక్కువ తాగుతాయి, మూత్రం పలచబడుతుంది. రాళ్లు కట్టకుండా దాణాలో వాడే అమ్మోనియం క్లోరైడు కలపాలా, కలిపితే ఎంత అన్నది మీ పశువైద్యుడినే నిర్ణయించనివ్వండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు తక్కువ పెట్టలేదు. 18 కిలోల పొట్టేలు ఎండు బరువు లెక్కన రోజుకు సుమారు 700 గ్రాముల మేత తింటుంది. మీరు పెట్టే పావుకిలో చెక్కలోనే 100 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. గడ్డి నుంచి ఇంకో 15, 20 గ్రాములు వస్తాయి. రోజుకు 100 గ్రాముల చొప్పున బరువు పెరగడానికి ఆ మాంసకృత్తులు సరిపోతాయి. కానీ మీ పొట్టేళ్లు నాలుగు నెలల్లో ఆరేడు కిలోలే పెరిగాయి, అంటే రోజుకు 50, 55 గ్రాములు. దాణా ఏదీ లేకుండా బీడులో మేసి వచ్చే జీవాలు కూడా దాదాపు అంతే పెరుగుతాయి. మీరు చెక్కకు పెట్టిన డబ్బు కండగా మారలేదన్నమాట.

కారణం శక్తి కొరత. కండ కట్టడానికి మాంసకృత్తులు ముడిసరుకు మాత్రమే, ఆ కట్టే పనికి శక్తి కావాలి. ఆ శక్తి పిండి పదార్థం నుంచి, మంచి పీచు నుంచి రావాలి. అది చాలనప్పుడు శరీరం మాంసకృత్తులనే కాల్చుకుని బతుకుతుంది. గొర్రెల్లో ఇది పెద్ద పొట్టలోనే, అంటే నాలుగు గదుల కడుపులోని మొదటి గదిలోనే మొదలవుతుంది. మనం పెట్టిన చెక్కను అక్కడి సూక్ష్మజీవులు చాలావరకు అమ్మోనియాగా విడగొడతాయి. అదే సమయంలో వాటికి పిండి పదార్థం అందితే, ఆ అమ్మోనియాను వాడుకుని అవి తమ శరీరాలను పెంచుకుంటాయి. ఆ సూక్ష్మజీవులు పేగుల్లోకి జారి అరిగినప్పుడు గొర్రెకు మేలైన మాంసకృత్తులు దొరుకుతాయి. పిండి పదార్థం చాలకపోతే అమ్మోనియా రక్తంలోకి వెళుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది, ఆ పనికి కూడా శక్తి ఖర్చవుతుంది. మీ కొట్టంలో కళ్లు మండించే ఘాటు, ఆ మూత్రంలోని యూరియా నుంచి మళ్లీ పుట్టే అమ్మోనియాదే. చెక్కలోని సారంలో చాలా భాగం మూత్రంగా నేలపాలవుతోంది.

పొట్టలు పెరగడం కూడా ఇందులో భాగమే. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతానికి మించవు. అది నెమ్మదిగా అరుగుతుంది, కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. పొట్ట నిండినట్టు కనిపిస్తుంది, నడుము మీద చెయ్యి వేస్తే మాత్రం వెన్నుపూసలు గుచ్చుకుంటాయి. పొట్టేలును కొనేవారు కూడా నడుము పట్టుకునే చూస్తారు కదా. మీరూ అలాగే వారానికోసారి చేత్తో చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకొక అనుమానం నులిపురుగులది. కండ అనేది ఒకసారి కట్టి వదిలేసేది కాదు. శరీరం రోజూ కొంత కడుతుంది, కొంత కరిగిస్తుంది. కట్టింది ఎక్కువైతేనే పెరుగుదల. కడుపులో రక్తం పీల్చే పురుగులు ఉంటే, పోయిన రక్తాన్ని భర్తీ చేయడానికి, పేగు గోడలను బాగు చేయడానికి, రోగాన్ని ఎదుర్కోవడానికి మాంసకృత్తులన్నీ ఖర్చవుతాయి. కండకు మిగిలేది ఉండదు. కనురెప్పను కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటే అనుమానం బలపడినట్టే. నాలుగైదు పొట్టేళ్ల తాజా పెంటికలను విడివిడిగా కవర్లలో వేసి ఆసుపత్రిలో పరీక్ష చేయించి, ఏ మందు అవసరమో తెలుసుకుని తాగించండి. మందును ఒక్కోదాని బరువు తూచి ఇవ్వాలి. అన్నింటికీ కంటి అంచనాతో ఒకే కొలత పోస్తే పెద్దవాటికి చాలదు, పురుగులు ఆ మందుకు అలవాటు పడిపోతాయి.

దాణా విషయానికి వద్దాం. మీ ప్రాంతంలో దొరికేవాటితోనే చెబుతున్నాను. వంద కిలోల మిశ్రమానికి మొక్కజొన్న నూక 45 కిలోలు, వేరుశనగ చెక్క 18, పప్పు మిల్లులో దొరికే కంది పొట్టు, నూక కలిపి 19, నూనె తీసిన తవుడు 13, ఖనిజ లవణ మిశ్రమం 2, దాణాలో కలిపే సున్నపురాయి పొడి 2, ఉప్పు 1. ఇందులో మాంసకృత్తులు పదహారు, పదిహేడు శాతం ఉంటాయి, మొక్కజొన్న వల్ల శక్తి అందుతుంది, సున్నం, భాస్వరాల లెక్క కూడా కుదురుతుంది. ఒక్కో పొట్టేలుకు రోజుకు 300 నుంచి 350 గ్రాములు చాలు, రెండు పూటలా పంచి పెట్టండి. 25 పొట్టేళ్లకు రోజూ ఆరు కిలోలకు పైగా అవుతున్న చెక్క ఖర్చు దీంతో సుమారు కిలోన్నరకు దిగుతుంది. ఆ మిగిలే డబ్బుతో మొక్కజొన్న కొనవచ్చు.

అయితే ఈ మార్పును ఒక్కరోజులో చేయకండి. మొదటి రోజు 50 గ్రాములతో మొదలుపెట్టి, చెక్క తగ్గిస్తూ, మిశ్రమం పెంచుతూ రెండు వారాలకు పూర్తి మోతాదుకు రండి. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే పెద్ద పొట్ట పులిసిపోయి గొర్రె పడిపోతుంది. సాయంత్రం పెడుతున్న అన్నం, గంజి వల్ల కూడా ఇదే ప్రమాదం. పెళ్లిలో మిగిలిన అన్నం బకెట్లతో తెచ్చి పోసిన మరుసటి రోజు మందలో నాలుగైదు చనిపోయాయన్న కబురు మా ఆసుపత్రులకు కొత్త కాదు. అన్నం పూర్తిగా మానేయండి. బలమైన మేతకు మారేటప్పుడు, పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే చిటుకు రోగం కూడా పొంచి ఉంటుంది. బాగా తింటూ, బాగా పెరుగుతున్న పొట్టేలే అందులో ముందు పోతుంది. దాణా పెంచడానికి ముందే ఆ టీకా వేయించండి. ఇదివరకు ఎప్పుడూ వేయించకపోతే రెండో మోతాదు కూడా కావాలి, ఎన్ని రోజులకో డాక్టరు చెబుతారు.

వరిగడ్డికి బదులు వేరుశనగ కట్టె, అంటే కాయలు కోసిన తరువాత మిగిలే ఎండు మొక్క సంపాదించండి. మన జిల్లాలో దీన్ని మించిన ఎండుమేత లేదని నా గట్టి నమ్మకం. దానిలో మాంసకృత్తులు ఎనిమిది నుంచి పది శాతం వరకు ఉంటాయి, సున్నం కూడా ఉంటుంది. కాయ కోసిన సమయంలో వర్షానికి తడవకుండా దాచిన కట్టె అయితేనే తీసుకోండి, నల్లబడినది వద్దు. బావి కింద పది, పదిహేను సెంట్ల చోటుంటే దశరథ గడ్డి వేయండి, గట్ల మీద అవిశ నాటండి. సుబాబుల్ ఆకు కూడా మంచిదే, కాకపోతే అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా చూసుకోండి.

చెక్క గురించి ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. వేరుశనగకు పట్టే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే, చివరికి అవి తిన్న వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. దాన్ని ప్రపంచం గుర్తించింది అలాగే. కాయ ఊరే దశలో వాన లేక పైరు ఎండినప్పుడు ఈ బూజు పొలంలోనే పడుతుంది, మన రాయలసీమలో ఆ పరిస్థితి ఏడాది విడిచి ఏడాది వస్తూనే ఉంటుంది. గొర్రెలు కోళ్లకన్నా బాగానే తట్టుకుంటాయి. కానీ నెలల తరబడి తింటే కాలేయం దెబ్బతింటుంది, మేత తగ్గుతుంది, పెరుగుదల ఆగుతుంది. ఉడకబెట్టినా, నానబెట్టినా ఈ విషం పోదు. చెక్క కొత్తదిగా, పొడిగా, ముక్క వాసన లేకుండా ఉండాలి. నానబెట్టినది ఆ పూటకే వాడాలి, పుల్లబడితే పారేయండి.

మీ మరిది ప్రేమతోనే చెప్పి ఉంటారు, అయినా బ్రాయిలర్ దాణాను గొర్రెల దరిదాపులకు రానివ్వకండి. కోళ్లలో కాక్సిడియా జబ్బు రాకుండా ఆ దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలుపుతుంటారు. అవి గొర్రెలకు మోతాదు మించితే దెబ్బతినేది గుండె కండరం, తొడల కండరాలే. మనం ఏ కండ కోసం తాపత్రయపడుతున్నామో ఆ కండే చితికిపోతుంది. రాగి కూడా గొర్రెకు విషమే, కోళ్ల దాణాలో అది గొర్రె తట్టుకునే మోతాదును దాటి ఉండవచ్చు. అసలు కోడి కథ వేరు. కోడికి పెద్ద పొట్ట లేదు, తిన్న మాంసకృత్తులు ఉన్నవి ఉన్నట్టే దాని ఒంటికి పోతాయి. అందుకే బ్రాయిలర్లకు లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలను గ్రాముల లెక్కన కలుపుతారు. లైసిన్ తగ్గితే రొమ్ము కండ తగ్గుతుంది. గొర్రెకు ఆ పొడి పోస్తే చాలావరకు సూక్ష్మజీవులే తినేస్తాయి. డబ్బు వృథా.

ఇక బలం సూది. దీని గురించి రాసేటప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇది అడిగేవారు తమ జీవాలు బాగుపడాలనే అడుగుతారు. ఆ సీసాలో ఉన్నది బి కాంప్లెక్స్ అయితే, లోపం లేని పొట్టేలుకు దానివల్ల కండ రాదు. డెక్సామెథజోన్ వంటి స్టెరాయిడ్ అయితే నాలుగు రోజులు మేత ఎక్కువ తిని, ఒళ్లు నీరు పట్టి నిండినట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం ఆ మందు కండను కరిగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. కండ పెంచడానికి కొన్ని దేశాల్లో దొంగచాటుగా వాడిన క్లెన్‌బ్యుటెరాల్ అనే మందు తిన్నవారిని కూడా వదలలేదు. 1990లో స్పెయిన్‌లో ఆ మందు మిగిలిన పశువుల కాలేయం తిని వంద మందికి పైగా గుండె దడతో, చేతుల వణుకుతో ఆసుపత్రుల పాలయ్యారు. మీ పొట్టేలు బక్రీదు నాడు ఎవరి ఇంటి పిల్లల పళ్లెంలోకి వెళుతుందో ఆలోచించండి. ఏ సూది అయినా పశువైద్యుడు చూసి రాసిన తరువాతే.

అబ్బాయి చూపించినవి బెల్జియన్ బ్లూ జాతి ఎద్దులై ఉంటాయి. అవి తిండి వల్ల అలా కాలేదు. కండ పెరుగుదలను అదుపులో ఉంచే మయోస్టాటిన్ అనే జన్యువు వాటిలో చెడిపోయింది. 1997లో ఆ సంగతి తెలిసింది. పుంగనూరు ఆవును ఎంత మేపినా ఒంగోలు ఆవంత కాదు, అలాగే మన నెల్లూరు జాతి పొట్టేలుకు కూడా తన హద్దు తనకుంది. మీ పొట్టేళ్లు ఆ హద్దుకు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి దిగులు అవసరం లేదు.

ఇక్కడే ఇంకొక విషయం తెలుసుకోవాలి. గొర్రెపిల్ల తొడలో ఎన్ని కండర పోగులు ఉండాలన్నది అది పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే తేలిపోతుంది. పుట్టిన తరువాత ఉన్న పోగులు లావవుతాయి, పొడవు పెరుగుతాయి, అంతే. కొత్తవి దాదాపుగా రావు. గొర్రె చూలు అయిదు నెలలు. ఆ పోగులు ఎక్కువగా ఏర్పడేది రెండు, మూడు నెలల్లో. అప్పుడు తల్లి ఎండాకాలపు బీడులో ఆకలితో తిరిగితే పిల్లకు పోగుల సంఖ్యే తగ్గవచ్చు. ఆఖరి ఆరు వారాల్లో పిల్ల బరువు వేగంగా పెరుగుతుంది, అప్పుడు తల్లికి దాణా లేకపోతే పిల్ల చిన్నదిగా పుడుతుంది, తల్లికి పాలూ తక్కువే. సంతలో కొన్న పిల్ల ఎటువంటి తల్లి కడుపున పుట్టిందో మనకు తెలియదు. మీ 25లో కొన్ని ఎంత బాగా మేపినా వెనకబడవచ్చు, అది మీ తప్పు కాదు. ఈసారి కొనేటప్పుడు సంతకు బదులు తెలిసిన గొర్రెల కాపరి మందలో, తల్లిని కూడా చూసి కొనండి. పుట్టుకలో బరువుగా ఉండి, మూడు నెలలు తల్లిపాలు బాగా తాగిన పిల్లకు రెండొందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

వయసు సంగతి కూడా ఉంది. ఎదిగే జీవంలో ముందు ఎముక, తరువాత కండ, ఆ తరువాత కొవ్వు పెరుగుతాయి. మీ పొట్టేళ్లకు ఇప్పుడు ఏడు నెలలు, కండ పట్టే వయసు ఇంకా చేతిలోనే ఉంది. కొంతకాలం మేత చాలక ఆగిన జీవాలకు సరైన మేత దొరికితే, మొదట్లో మామూలుకన్నా వేగంగా పుంజుకుంటాయి కూడా. పురుగులు పోయి, పైన చెప్పిన మేత కుదిరితే రోజుకు 100 గ్రాముల దరిదాపుల్లో పెరుగుదల ఆశించవచ్చు. అంటే మూడు నెలల్లో ఎనిమిది, తొమ్మిది కిలోలు. ఏడాది దాటిన తరువాత పెరిగే బరువులో కొవ్వు పాలు ఎక్కువవుతుంది. ఒక కిలో బరువు పెరగడానికి అయ్యే మేత కూడా ఎక్కువవుతుంది. మరీ ముదిరేదాకా ఆపుకోకండి. బక్రీదుకు అమ్మే పొట్టేలుకు వయసు, పళ్లు చూస్తారు కాబట్టి ఆ లెక్క మీరే వేసుకోండి.

మామిడి కాలంలో మీ చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తొక్కలు, టెంకలు ట్రాక్టర్లతో బయటికి వస్తాయి. చాలామంది రైతులు అడుగుతుంటారు కాబట్టి మీరు అడగకపోయినా చెబుతాను. తొక్కలో తీపి ఎక్కువ, మాంసకృత్తులు బాగా తక్కువ. తాజాగా ఉన్నప్పుడు కొద్దిగా, ఎండుమేతతో కలిపి పెట్టవచ్చు. కుప్పపోసి పులిసినది పెడితే పొట్ట పాడవుతుంది. టెంకలోని జీడిని బాగా ఎండబెట్టి పొడి చేసి, మొక్కజొన్నకు బదులుగా దాణాలో పదో వంతు వరకు కలపవచ్చు. అందులో వగరు పదార్థం ఉంటుంది, అంతకు మించితే మేత అరగదు.

వేలాడదీసే త్రాసు ఒకటి సంపాదించండి. పదిహేను రోజులకోసారి, ఉదయం మేత వేయకముందు తూచి, చెవికి వేసిన నంబరు ప్రకారం పుస్తకంలో రాయండి. నిండు కడుపుతో తూస్తే ఒకటి రెండు కిలోల తేడా వచ్చి లెక్క మోసం చేస్తుంది. కొత్త మేత పూర్తి మోతాదుకు వచ్చాక రెండు తూకాలు చూడండి. నెలకు రెండు కిలోలన్నా పెరగని పొట్టేళ్లను వేరు చేసి ఇంకోసారి పెంటికల పరీక్ష చేయించండి. తొట్టి దగ్గర బలమైనవి నెట్టేస్తుంటే వాటికి వేరే తొట్టి పెట్టండి. అప్పటికీ కదలకపోతే వాటిని ముందుగా అమ్మేసి, ఆ దాణాను బాగా పెరుగుతున్నవాటికి మళ్లించండి. మేత ధరలు మారినప్పుడు మిశ్రమంలో ఏది తగ్గించాలో, ఏది పెంచాలో తెలియకపోతే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి వెళ్లి పశుపోషణ విభాగంలో అడగండి. వెళ్లేటప్పుడు ఆ తూకాల పుస్తకం, మీరు వాడుతున్న చెక్కలోంచి గుప్పెడు నమూనా వెంట తీసుకెళ్లండి.